కందెన గొట్టం

వనపర్తి నుంచి బిజినేపల్లికి పోయే దారిలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ముసలాయనకు ఇద్దరు కొడుకులు. ముసలాయన వయసులో ఉన్నప్పుడు పార, గంప పట్టుకొని దేశమంతా మట్టిపనికి తిరిగినవాడు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లు గదా, వాళ్లలో ఒకడు. ఆయన చేత్తో తవ్విన మట్టిని ఇప్పుడు చిన్నకొడుకు జేసీబీతో తవ్వుతున్నాడు. పెద్దకొడుకుకు ట్రాక్టరు, రోటవేటరు, కరిగెట దున్నడానికి కేజ్ వీల్స్, ఇంటి ముందు రేకుల షెడ్డులో చిన్న వెల్డింగ్ షాపు ఉన్నాయి. ఎల్లూరు దగ్గర కృష్ణ నీళ్లను ఎత్తిపోసి కల్వకుర్తి కాలువలకు వదిలినప్పటి నుంచి ఆ పక్క వరి పెరిగింది. నాట్ల కాలంలో ఆ ట్రాక్టరుకు రాత్రి లేదు, పగలు లేదు.

షెడ్డులో ఒక మూల, మేకుకు వెదురు గొట్టం వేలాడుతుంటుంది. అది కందెన గొట్టం. ఎడ్లబండి ఉన్న రోజుల్లో దాని ఇరుసు కింద కట్టి ఉండేది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి అందులో పోసేవాళ్లు. ఆముదాలకు కొదవ లేదు, పాలమూరు చెలకల్లో పండేవే అవి. దారిలో చక్రం కిర్రుమంటే బండి ఆపి, సీల తీసి, చక్రం కొంచెం బయటికి లాగి, పుల్లతో కందెన తీసి ఇరుసుకు రాసి మళ్లీ కదిలేవాళ్లు. ఎడ్లు పోయినయి, బండి పోయింది. గొట్టాన్ని మాత్రం ముసలాయన పారేయనియ్యలేదు.

ఒక వానకాలం జేసీబీ బకెట్ ఊగడం మొదలైంది. చూస్తే బూమ్ కింద పిన్ను బుష్షును తినేసింది. నాగర్‌కర్నూల్ లేతు షాపులో బోర్ కొట్టించి, కొత్త బుష్షు వేయించి, పిన్ను మార్చేసరికి నాలుగు రోజులు బండి నిలబడింది. అదును దాటితే కాలువ పని వేరేవాళ్ల చేతికి పోతుంది. పెద్దకొడుకు కోపం ఆపుకోలేకపోయాడు.

"తమ్మీ, పొద్దున్నే గ్రీజు కొట్టు, గ్రీజు కొట్టు అని ఎన్నిసార్లు చెప్పిన?"

"కొడుతనే ఉన్న గదన్నా. నేనేం అబద్ధం చెప్తలేను."

ముసలాయన ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారకముందే లేచి, సుద్దముక్క తీసుకొని బండి చుట్టూ తిరిగాడు. వంగి, కింద దూరి, ఎక్కడెక్కడ గ్రీజు నిప్పల్ ఉందో అక్కడల్లా తెల్లటి సున్న చుట్టాడు. ముప్పై నాలుగు సున్నలు అయినయి. ఎనిమిది రోజుల తర్వాత చిన్నకొడుకును పిలిచి మళ్లీ తిరిగాడు. ఇరవై ఏడు చోట్ల సున్నలు లేవు. గ్రీజు మరకలో, తుడిచిన గుడ్డ జాడలో కలిసిపోయినయి. ఏడు చోట్ల మాత్రం ఎనిమిది రోజుల కింద గీసినట్టే ఉన్నాయి. వాటి నడుమ నిప్పల్ తల మీద ఎండిన ఎర్రమట్టి టోపీ పెట్టినట్టు పేరుకొని ఉంది. గోటితో గీకితే పెళ్లలాగా ఊడింది.

చిన్నకొడుకు తల వంచుకున్నాడు.

"ఎందుకు బిడ్డా?" అని అడిగాడు ముసలాయన. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నాయనా, ఈ లివర్ గన్‌కు మూడు చేతులు గావాలె. ఒక చెయ్యి గన్ పట్టాలె, ఒక చెయ్యి లివర్ కొట్టాలె, ఇంకో చెయ్యి ఈ కప్లర్ నిప్పల్ మీదికెళ్లి జారకుండ పట్టాలె. బయటున్నయైతే ఎట్లనో కొడుత. ఈ ఏడింటికి వెల్లకిల పండుకోవాలె. పండుకొని మీదికి చెయ్యి లేపి కొడితే గ్రీజంత పక్కకు కారుతది. కొంచెం కారంగనే అయిపోయింది అనుకుంట."

ముసలాయన చాలాసేపు ఆ ఏడు సున్నల దగ్గరే కూర్చున్నాడు. తర్వాత సుతిలి తెప్పించాడు. మనిషి ఎక్కడ కూర్చుంటే తేలిక, అక్కడి నుంచి నిప్పల్ ఎంత దూరం అని ఏడింటికీ కొలిచి, ఒక్కో కొలతకు ఒక్కో ముడి వేశాడు. ఆ సుతిలి జేబులో పెట్టుకొని కొడుకులతో కలిసి వనపర్తికి బస్సెక్కాడు.

దుకాణంలో బ్యాటరీ గ్రీజ్ గన్‌లు రెండు చూపించారు. ఒకటి బరువుగా, చూడముచ్చటగా ఉంది. "పది వేల పీఎస్ఐ, ఇరవై వోల్టులు, దీన్ని మించింది లేదు" అన్నాడు దుకాణదారు. పెద్దకొడుకు చెయ్యి దాని మీదనే పడింది. ముసలాయన సుతిలి తీసి దాని హోస్ పైపు పక్కన చాపాడు. రెండు ముళ్లు పైపును దాటిపోయినయి. రెండో గన్ ప్రెషర్ కొంచెం తక్కువ. కానీ పైపు ఏడు ముళ్లనూ దాటింది. కప్లర్‌కు చిన్న మీట ఉంది, నొక్కితే నిప్పల్‌ను పట్టి కూర్చుంటుంది, మళ్లీ నొక్కితేనే వదులుతుంది.

"దీని బ్యాటరీ మన డ్రిల్లుదే గద?" అన్నాడు పెద్దకొడుకు ఒరలోకి చూసి. అదే. అప్పటికే ఇంట్లో రెండు ఉన్నాయి.

దాన్నే కొన్నారు. వారం తిరగకముందే ముప్పై నాలుగు సున్నలూ నల్లబడినయి.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆ గన్ చేతికొచ్చిన సంబరంలో పెద్దకొడుకు షాపులో ఉన్నవాటికన్నిటికీ కొట్టాడు. ఊరి పిండిగిర్ని షాఫ్టు బేరింగు శబ్దం చేస్తున్నదని తెస్తే, కప్లర్ తగిలించి ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నాడు. ఎంత పోస్తే అంత మంచిదనుకున్నాడు. రెండో రోజు గిర్నామె పరుగెత్తుకొచ్చింది. బేరింగు చెయ్యి పెడితే కాలుతున్నది. సీలు బయటికి తన్నుకొచ్చింది. జొన్నపిండిలో నల్లటి గ్రీజు పడింది. ఎవరో పిల్లలకు రొట్టెలు చేయబోయి చూసి పారబోసుకున్నారు.

"నిండినప్పుడు గన్ నీకు చెప్పలేదా?" అని అడిగాడు ముసలాయన.

"గన్ ఏం చెప్తది నాయనా. నొక్కితే పోతది."

"పాతదేమో చెప్తుండె గద."

పెద్దకొడుకుకు అప్పుడు గుర్తొచ్చింది. లివర్ గన్ కొట్టేటప్పుడు బేరింగు ఖాళీగా ఉంటే లివర్ తేలిగ్గా దిగుతుంది, నిండుతుంటే బరువెక్కుతుంది, నిప్పల్ మూసుకుపోతే రాయిలా నిలబడుతుంది. అరచేతికే తెలిసేది. ఆ గిర్నామె బేరింగు తన డబ్బుతో మార్చి ఇచ్చాడు. మూలన పడేసిన లివర్ గన్‌ను తుడిచి, కందెన గొట్టం పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించాడు. ఇప్పుడు గిర్ని బేరింగులకు అదే, జేసీబీకి, ట్రాక్టరుకు బ్యాటరీది.

నీతి

ఎంత బలంగా తోస్తుందని కాదు, మనం దాటవేస్తున్న నిప్పల్‌కు అందుతుందా అని చూసి గ్రీజ్ గన్ ఎంచుకోవాలి. చెయ్యి చేసే కష్టాన్ని యంత్రానికి అప్పగించినా, చేతికి తెలిసే సంగతిని అప్పగించకూడదు.

ఈ నీతిని విప్పి చెప్పడం అవసరం. బండి ఇరుసు ఎండితే కిర్రుమని అడిగేది. జేసీబీ పిన్ను అడగదు. రోటవేటరు పీటీఓ షాఫ్టు క్రాసు అడగదు. అవి నోరు తెరిచేసరికి లోపల ఇనుము ఇనుమును తినడం అయిపోయి ఉంటుంది. గద్వాల, అలంపూర్ పక్క నల్లరేగడి బురదలో తిరిగిన కేజ్ వీల్స్ అయినా, వనపర్తి దుబ్బ చెలకల్లో పల్లీ మిషన్ అయినా, అచ్చంపేట గట్ల కింద ఎర్రదుమ్ములో తిరిగే టిప్పర్ అయినా అంతే. గ్రీజు ఉన్నది జారుడు కోసమే కాదు. కొత్త గ్రీజు లోపలి నుంచి తోసుకొస్తూ మట్టిని, నీటిని బయటికి గెంటుతుంది, అంచున ఉంగరంలా నిలబడి మళ్లీ లోపలికి రానియ్యదు. అందుకే బురదలో పని చేసిన రోజు సాయంత్రమే కొట్టాలి. పొద్దున చూద్దాంలే అంటే రాత్రంతా ఆ నీళ్లు బేరింగులోనే ఉంటాయి.

ఇక దుకాణంలో వినిపించే అంకెలు. పది వేల పీఎస్ఐ అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు మూడు వందల రెట్లు. గట్టిపడ్డ గ్రీజును తోసి మూసుకుపోయిన నిప్పల్ తెరవడానికి అంత బలం పనికొస్తుంది. సీలు ఉన్న చిన్న బేరింగుకు మాత్రం అదే శత్రువు. ఇరవై వోల్టులు, పద్దెనిమిది వోల్టులు అనేవి రెండూ ఒకటే బ్యాటరీ. లోపల ఐదు సెల్లులు వరసగా ఉంటాయి. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కోటి నాలుగు వోల్టుల పైచిలుకు, పని చేసేటప్పుడు సగటున 3.6. ఒకరు మొదటి అంకె అచ్చు వేస్తే ఇంకొకరు రెండోది వేస్తారు. ఆ రెండు వోల్టుల తేడాకు ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు. మీ షాపులో డ్రిల్లు, గ్రైండరు ఏ బ్యాటరీతో నడుస్తున్నాయో ఆ బ్యాటరీ ఎక్కే గన్ ఉంటే కొంత ఖర్చు మిగులుతుంది, పొలం మధ్యలో ఒకటి అయిపోతే ఇంకోటి దొరుకుతుంది.

బ్యాటరీ గురించి మన ఎండల్లో ఒక జాగ్రత్త ఉంది. ఏప్రిల్, మేలో పాలమూరు పక్క నలభై డిగ్రీలు దాటుతుంది. ట్రాక్టరు టూల్ బాక్సు లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడిలో నుంచి తీసిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్ పెడితే మంచి ఛార్జర్ అయితే తీసుకోదు, తీసుకుందంటే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతున్నట్టే. చెట్టు నీడన అరగంట ఉంచి పెట్టడం మేలు.

లివర్ గన్ ఒక్క దెబ్బకు సుమారు ఒక గ్రాము గ్రీజు పంపుతుంది. బ్యాటరీ గన్‌లు నిమిషానికి వంద గ్రాములు, కొన్ని అంతకంటే చాలా ఎక్కువ పంపుతాయి. అంటే ట్రిగ్గర్ మీద పది సెకన్లు వేలు ఉంచితే లివర్ పదిహేను ఇరవై సార్లు కొట్టినట్టు. జేసీబీ బకెట్ పిన్నుకు అది సరిపోవచ్చు, అంచున పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనపడేదాకా కొట్టాల్సిందే. వేగంగా తిరిగే బేరింగులో మాత్రం సగం జాగా ఖాళీగా ఉండాలి. నిండా కూరితే గుండ్లు గ్రీజును చిలికి చిలికి వేడెక్కిస్తాయి. గిర్నామె బేరింగుకు జరిగింది అదే.

మన దగ్గర కార్ట్రిడ్జ్‌లు దొరకడం తక్కువ, అందరం బకెట్ గ్రీజే నింపుతాం. అందుకని గన్ బకెట్ నుంచి నింపుకునే రకమా, లోపల పట్టిన గాలి వదలడానికి వాల్వు ఉందా అని చూసుకోవాలి. గాలి పట్టిన గన్ మోటారు తిరుగుతున్నట్టే వినపడుతుంది, గ్రీజు చుక్క రాదు. ఆపరేటరు కొట్టాననే అనుకుంటాడు. బకెట్ మూత తెరిచి ఉంచి దుమ్ము పడనిస్తే, ఆ దుమ్మునే మనం డబ్బు పెట్టి పిన్నులోకి ఎక్కించినట్టు. నిప్పల్ తుడవకుండా కప్లర్ పెట్టినా అంతే. ఒక గుడ్డపేలిక గన్ పట్టీకే కట్టి ఉంచుకుంటే మరిచిపోరు. గ్రీజు రంగు చూసి కలపడం కూడా తప్పు. లిథియం గ్రీజు వాడే చోట వేరే జాతి గ్రీజు పడితే రెండూ కలిసి పలచబడి కారిపోవచ్చు, ఎరుపుకు ఎరుపు కలుస్తుందని నమ్మకం లేదు.

నిప్పల్‌లోకి గ్రీజు ప్రెషర్‌తో కొట్టడం వందేళ్ల పైబడిన పద్ధతి. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఈ చిన్న గుండ్రటి తలకు ఆస్కార్ జెర్క్ పేరు మీద 1929లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. అప్పటి నుంచి దాని వెనక తోసే చెయ్యి మారుతూ వచ్చింది. చెయ్యి మారినప్పుడల్లా ప్రమాదం కూడా మారింది. అందుకే చివరిగా ఒక్క మాట చెప్పాలి, ఇది కొనేవాళ్లకు కాదు, వాడే పిల్లలకు.

హోస్ పైపు ఎక్కడైనా పొంగినా, చీలినా దాన్ని టేపు చుట్టి వాడొద్దు. గ్రీజు కొట్టేటప్పుడు ఒట్టి చేత్తో పైపు కొస పట్టుకోవద్దు. బకెట్ నేలకు దించి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే కిందికి దూరండి. ఆ ప్రెషర్‌లో సూది బెజ్జమంత చిల్లు చాలు, గ్రీజు చర్మాన్ని చీల్చుకొని వేలి లోపలికి పోతుంది. బయట చుక్కంత మచ్చ ఉంటుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. పసుపు పెట్టుకొని మళ్లీ పనిలోకి దిగుతారు. అట్లా చేయొద్దు. వెంటనే జిల్లా ఆసుపత్రికి పోయి, "సూది గుచ్చుకుంది" అని కాకుండా "ప్రెషర్‌తో గ్రీజు లోపలికి పోయింది" అని డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్ చేసి కడగాల్సి వస్తుంది. ఎన్ని గంటలు ఆలస్యమైతే ఆ వేలు నిలిచే ఆశ అంత తగ్గుతుంది.