నజరేతు బిడ్డల ఆశలు



పదవ తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "మనలాంటి వాళ్లకు పెద్ద చదువులెందుకు? ఏదో ఒక పని దొరికితే చాలు." చెంగిచెర్ల నుండి బస్సెక్కి ఉప్పల్ మీదుగా హబ్సిగూడ వెళ్లే బిడ్డ కిటికీలోంచి ఎన్.జి.ఆర్.ఐ.ని, ఆ దగ్గరలోనే సి.సి.ఎం.బి.ని చూస్తుంది. చెంగిచెర్లలోనే జాతీయ స్థాయి మాంస పరిశోధనా సంస్థ ఉంది. ఇన్ని పరిశోధనాలయాల నీడలో పెరిగినా, ఆ బిడ్డకు గేటు దగ్గరి కాపలా ఉద్యోగం కనిపిస్తుంది గాని లోపలి ప్రయోగశాల కనిపించదు. లోపల పనిచేసేవారిలో తన మేనమామ గాని, పొరుగింటి అక్క గాని లేరు గదా!

యేసుప్రభువు కూడ ఇటువంటి ఊరివాడే. నజరేతు పేరు వినగానే, అక్కడినుండి ఏం మంచి వస్తుందని నతనయేలు సందేహించాడు. సొంత ఊరివారు ఆయన ఇంటి వృత్తిని ఎత్తిచూపి తేలికగా మాట్లాడారు. మన దేశంలో ఊరు, వృత్తితో పాటు కులం కూడ ఆ తూకంలో పడుతుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే పదిహేనేళ్ల బిడ్డకు తన కొలత తెలిసిపోతుంది.

పునీత అక్వినా తోమాసువారు ఆశను గురించి చెప్పినది, గురువిద్యాలయంలో చదివిన నాటికంటె ఇప్పుడు నాకు బాగా అర్థమౌతోంది. మనం ఆశించేది మంచిదై, ముందున్నదై, కష్టమైనదై, అయినా సాధ్యమైనదై ఉండాలంటారు ఆయన. మన పిల్లలకు మొదటి మూడింటిలో సందేహం లేదు. నాల్గవదే అనుమానం. మిత్రుల ద్వారా సాధ్యమయ్యేది మనకూ సాధ్యమేనని కూడ తోమాసువారు అంటారు. పూర్వపు కర్నూలు జిల్లా పోలూరులో పుట్టిన ఒక బాలుడికి పేదరికం వల్ల ఏడవ తరగతితో చదువు ఆగింది. మిషనరీలు కడప తీసుకువెళ్లి చదివించారు. ఆ బాలుడే 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిన మన పూల ఆంతోని గారు. దళితులలో మొదటి కార్డినల్, తెలుగువారిలోనూ మొదటివారు.

ఇక ధ్రువపత్రం సంగతి. దీన్ని గురించి బయటకు మాట్లాడటానికి మనకు జంకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతంతో ఈ ముడి తీసివేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బి.సి.-సి వర్గంలో ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. వివక్ష చూపేవాడు మాత్రం జ్ఞానస్నానం అయిందా అని అడిగి ఆగడు. అందుచేత కొందరు బిడ్డలకు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. విశ్వాసాన్ని దాచుకుంటేనే సీటు వస్తుందని నేర్చుకున్న బిడ్డ మనస్సు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. వారిని ఆ స్థితిలో నిలబెట్టిన ఉత్తర్వునే తప్పుపడతాను.

మన ఇల్లూ చూసుకోవాలి. శ్రీసభలోనూ కుల వివక్ష ఉన్నదని భారత కాథలిక పీఠాధిపతులు 2016లో దళిత సాధికారతా విధానం ప్రకటిస్తూ ఒప్పుకున్నారు. మరి మన పాఠశాలల ఇంగ్లీషు మీడియం తరగతుల్లో మన విచారణల కూలీల బిడ్డలు ఎందరు? ఆ లెక్క అడిగే హక్కు మీకుంది, అడగండి.

పదవ తరగతి చదివే బిడ్డలున్నవారు ఫలితాల దాకా ఆగకండి. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ ఉంది, గురుకుల కళాశాలలున్నాయి. కుల, ఆదాయ పత్రాలకు మీసేవలో ముందే దరఖాస్తు చేయండి. ఆదివారం పూజ ముగిశాక బిడ్డను వెంటబెట్టుకొని మీ విచారణ గురువును కలవండి. చదివి ఉద్యోగాలు చేస్తున్న అన్నలూ అక్కలూ, మీరు కూడ కాసేపు ఆగండి. ఆ పిల్లలు అడిగేవాటికి జవాబు మాకంటె మీకే బాగా తెలుసు.