కొండ మీది కవరు

మన అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని, బొర్రా గుహల్లోంచి పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరానికే చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ కప్పేసి వెళ్లిపోతాయి. అటవీ శాఖతో కలిసి మత్స్యకారులు ఆ గుడ్లను కాపాడతారు. అరచేతిలో ఇమిడే పిల్లలను అలల్లోకి వదులుతారు. ఎంత ఓపిక వాళ్లది!

మరి కొండ మీద మనం? బొంగులో చికెన్ తిని పారేసిన కవరు, వానకు గెడ్డలో పడుతుంది. గెడ్డ గోస్తనిలో కలుస్తుంది. దారిలో ఆగని చెత్తంతా సముద్రానికే. నీళ్లలో తేలే కవరు తాబేలుకు జెల్లీ చేపలా కనిపిస్తుంది. మింగేస్తుంది. కొండ మీది కవరు, కడలిలో తాబేలు గొంతులో.

ఈ ఆదివారం బొర్రా వెళ్తున్నారా? గుడ్డసంచి పట్టుకెళ్లండి. అడ్డాకు విస్తట్లో తినండి. ఖాళీ సీసాను మీతోపాటే బస్సెక్కించండి.