పైఎత్తు లేని ఎత్తు

పేకాటలో గెలవాలంటే దాచుకోవాలని అందరం అనుకుంటాం. చేతిలో ముక్కలు దాచాలి, ముఖంలో భావం దాచాలి, అన్నిటికంటే ముఖ్యంగా మన ఆట తీరు దాచాలి. అది ఎదుటివాడికి తెలిసిపోయిందంటే ఇక మన పని అయిపోయినట్టే. తరతరాల ఈ నమ్మకాన్ని 2015 జనవరిలో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు తలకిందులు చేశారు. మైకేల్ బౌలింగ్, నీల్ బర్చ్, మైకేల్ జొహాన్సన్, వాళ్లతో చేయి కలిపిన ఫిన్లాండ్ ప్రోగ్రామర్ ఒస్కారి తమ్మెలిన్, ఈ నలుగురూ కలిసి సెఫియస్ అనే ప్రోగ్రామ్‌ను తయారుచేశారు. 4,800 ప్రాసెసర్లు 68 రోజులపాటు రాత్రనక పగలనక లెక్కలు కట్టాయి. ఇద్దరు ఆడే, పందాల మీద హద్దు ఉన్న లిమిట్ హోల్డెమ్ పోకర్‌లో ఏ ముక్కలు పడితే ఏం చేయాలో, ఎంత తరచుగా చేయాలో దాదాపు పరిపూర్ణంగా తేల్చాయి. ఆ తరవాత వాళ్లు చేసిన పని నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది. ఆ ఆట తీరునంతా ఎవరు పడితే వాళ్లు అడిగి తెలుసుకునేలా లోకం ముందు పరిచేశారు.

ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, బట్టీ పట్టవచ్చు, ఏళ్ల తరబడి పథకం వేసుకుని మళ్లీ రావచ్చు. గంటకు 200 ఆటల చొప్పున, రోజుకు 12 గంటలు, 70 ఏళ్లు విడవకుండా ఆడినా, సెఫియస్‌కూ పరిపూర్ణమైన ఆటకూ మధ్య మిగిలిన ఆ కాస్త తేడా అదృష్టపు ఒడుదొడుకుల్లో కలిసిపోతుంది తప్ప నమ్మకంగా బయటపడదు. ఎత్తుకు పైఎత్తు వేసేవాడే మొనగాడని విని పెరిగాం. పైఎత్తు లేని ఎత్తు ఒకటుందని, దాన్ని నలుగురి ముందూ చెప్పేసినా దాని బలం తగ్గదని తెలిసినప్పుడు కలిగే ఆనందం వేరు.

అలాంటిది ఒకటి ఉండి తీరాలని 1928లోనే జాన్ వాన్ న్యూమన్ రుజువు చేశాడు. ఒకడి లాభం మరొకడి నష్టం అయిన ప్రతి ఇద్దరి ఆటలోనూ ఇద్దరికీ చెరొక సురక్షితమైన దారి ఉంటుందన్నది ఆ రుజువు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథంలో ఆయన పోకర్‌కే ప్రత్యేకంగా చోటిచ్చాడు. ముక్కలన్నీ తీసేసి, ఒక్కొక్కరికి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్య పంచినట్టు ఊహించుకున్నాడు. ఎవరు పందెం పెంచాలి? బాగా పెద్ద సంఖ్య వచ్చినవాళ్లు, సరే. వాళ్లతోపాటు బాగా చిన్న సంఖ్య వచ్చినవాళ్లు కూడా! నడిమి సంఖ్యలవాళ్లు ఊరుకోవాలి. నడిమి చెయ్యి ముక్కలు తిప్పి చూపించుకున్నాకైనా గెలిచే అవకాశం ఉన్నది, దాన్ని ఎందుకు పణంగా పెట్టాలి? అడుగున ఉన్న చేతికి ఆ ఆశ లేదు, ఎదుటివాడు వదిలేస్తేనే దానికి బతుకు. అన్నిటికన్నా పనికిరాని ముక్కలకు ఆటలో అంత ఘనమైన పని అప్పజెప్పిన ఆ లెక్కను చదివిన ప్రతిసారీ నాకు వాన్ న్యూమన్‌కు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

దీన్ని ఇంకా చిన్నది చేసి అరచేతిలో పెట్టినవాడు హెరాల్డ్ కూన్. 1950లో ఆయన అచ్చు వేసిన పోకర్‌లో మూడంటే మూడే ముక్కలు: రాజు, రాణి, జాకీ. ఇద్దరు ఆటగాళ్లు చెరొక చిప్ మధ్యలో వేస్తారు, చెరొక ముక్క తీసుకుంటారు, మూడోది మూసి ఉంటుంది. పందెం ఒక్క చిప్పే, ఒక్కసారే. ఇంత చిన్న ఆటలో ఏముంటుందనుకుంటాం. మొదటివాడి చేతిలో జాకీ ఉందనుకోండి. అది ఎవరినీ గెలవదు. దానితో అతను అప్పుడప్పుడూ పందెం కాయవచ్చు, మూడింట ఒక వంతు దాటకుండా ఎంత తరచుగానైనా. కానీ ఒక నియమం ఉంది: జాకీతో ఎంత తరచుగా కాస్తాడో, రాజుతో దానికి సరిగ్గా మూడు రెట్లు తరచుగా కాయాలి. ఎందుకు మూడు రెట్లు? మధ్యలో రెండు చిప్పులు, వాటిపైన ఇతని పందెం ఒకటి, మొత్తం మూడు. రాణి పట్టుకున్న ఎదుటివాడు ఒక చిప్ పెట్టి ఆ మూడింటికి ఆశపడుతున్నాడు. నాలుగుసార్లలో మూడుసార్లు రాజు ఎదురై ఒక్కోసారికి ఒకటి పోతుంది, ఒకసారి జాకీ ఎదురై మూడు వస్తాయి. లెక్క సున్నా. రాణి పట్టుకున్నవాడు పందెం కలిపినా ఒకటే, వదిలినా ఒకటే. అతని ముందు రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, రెండింటి వెనకా ఒకే గది.

రెండోవాడి వైపు నుంచి చూసినా అంతే అందం. ముందువాడు ఊరుకుంటే తన జాకీతో మూడుసార్లలో ఒకసారి పందెం కాయాలి. ముందువాడు కాస్తే తన రాణితో మూడుసార్లలో ఒకసారి కలపాలి. ఇద్దరూ ఇలా ఆడితే మొదటివాడు సగటున 18 ఆటలకు ఒక చిప్ నష్టపోతాడు. ఆ నష్టం తెలివితక్కువతనం వల్ల రాలేదు, ముందుగా మాట్లాడవలసి రావడం వల్ల వచ్చింది. పోకర్‌లో వంతు చివర రావడం ఎంత గొప్పదో ఆటగాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కూన్ దానికి ధర కట్టి చూపించాడు.

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది బ్లఫ్‌కు దొరికిన గౌరవం. బ్లఫ్ అంటే మోసం అనుకుంటాం, ముఖం చూసి బోల్తా కొట్టించే విద్య అనుకుంటాం. కూన్ లెక్కలో ముఖమే లేదు. జాకీతో పందెం కాయడం రాజుకు విలువ తెచ్చే పని, అంతే. జాకీతో ఎన్నడూ కాయనివాడు రాజుతో కాసినా ఎదుటివాడు నిశ్చింతగా వదిలేస్తాడు. మరీ ఎక్కువగా కాస్తే నిశ్చింతగా కలుపుతాడు. ఆ రెండు నిశ్చింతలనూ లేకుండా చేసే కొలత ఒకటుంది. పెద్ద పోకర్‌లో చివరి ముక్క పడ్డాక కూడా ఇదే కొలత పనిచేస్తుంది. మధ్యలో ఉన్నంత సొమ్మూ పందెం కాసేవాడు ప్రతి రెండు బలమైన చేతులకూ ఒక బ్లఫ్ చేర్చుకోవచ్చు. అందులో సగమే కాస్తే మూడింటికి ఒకటి. పందెం పెరిగేకొద్దీ బ్లఫ్‌కు చోటు పెరుగుతుందన్న ఈ సంగతి మొదట నమ్మబుద్ధి కాదు. కాగితం మీద రెండు వరుసల కూడిక చేసి చూస్తే ఇంకోలా ఉండే వీలే లేదని తేలుతుంది.

అయితే నిజమైన హోల్డెమ్‌లో ముక్కలు 52. చేతికి వచ్చే జంటలే 1,326. మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కలు, అదే ఫ్లాప్, 22,100 రకాలుగా పడవచ్చు. ఇస్పేటు, ఆటీను, డైమాను, కళావరు అనే పేర్లు మార్చుకుంటే ఒకటయ్యేవాటిని కలిపేసినా 1,755 మిగులుతాయి. ఇక్కడ పెన్సిలూ కాగితమూ చాలవు. 2007లో అల్బెర్టాలోనే మార్టిన్ జింకెవిచ్, అతని సహచరులు కనిపెట్టిన పద్ధతి దారి చూపింది. యంత్రానికి ఆట నియమాలు తప్ప ఏమీ చెప్పరు. ఏ మహా ఆటగాడి ఆటా చూపించరు. అది తనతో తానే ఆడుకుంటుంది, మొదట్లో కళ్లకు గంతలు కట్టుకున్నట్టు. ప్రతి మలుపులోనూ ఒక పద్దు రాసుకుంటుంది: అయ్యో, ఇక్కడ వదిలేయకుండా కలిపి ఉంటే ఎంత వచ్చేది, కలపకుండా పెంచి ఉంటే ఎంత వచ్చేది. ఏ పని చేయలేదని ఎక్కువ విచారపడిందో ఆ పనిని మరుసటిసారి ఎక్కువగా చేస్తుంది. ఈ విచారాల పద్దు లక్షలసార్లు తిరగరాసుకున్నాక, అన్ని ఆటల సగటు తీసి చూస్తే, అది వాన్ న్యూమన్ ఉండి తీరాలన్న చోటికి చేరువైపోయి ఉంటుంది. గురువు లేకుండా, పుస్తకం లేకుండా, చేయనివాటిని లెక్కపెట్టుకుంటూ అంత దూరం నడిచింది. నేర్చుకోవడం అనే పనికి ఇంతకన్నా నిర్మలమైన రూపం నేను చూడలేదు.

2015లోనే పియోసాల్వర్ అనే ప్రోగ్రామ్ వచ్చి ఈ శక్తిని ఇంట్లో బల్ల మీది కంప్యూటర్‌కు తెచ్చింది. తరవాత ఇంకొన్ని వచ్చాయి. ఒమాహా ఆటకు మంకర్‌సాల్వర్, ముందే కట్టిన జవాబులను పేర్చి పెట్టిన జీటీవో విజార్డ్. ఇద్దరి చేతుల్లో ఏయే జంటలు ఉండవచ్చో, ఫ్లాప్ ఏమిటో, ఎవరి దగ్గర ఎంత సొమ్ముందో, ఎంతెంత పందాలు కాయనిస్తామో మనం చెప్పాలి. కాసేపటికి తెరమీద పదమూడు గళ్లు నిలువు, పదమూడు గళ్లు అడ్డం విచ్చుకుంటాయి. మూలనుంచి మూలకు జోడీలు, ఆసుల జోడీ మొదలు రెండుల జోడీ దాకా. ఒక పక్క ఒకే గుర్తు జంటలు, రెండో పక్క వేరు గుర్తులవి. పందెం కాయవలసిన చోట ఎరుపు, ఊరుకోవలసిన చోట ఆకుపచ్చ, వదిలేయవలసిన చోట నీలం. చాలా గళ్లలో ఒకే రంగు ఉండదు. సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. ఒకే చేతితో ఒకసారి కాయమంటుంది, ఒకసారి ఊరుకోమంటుంది, రెండింటికీ వచ్చే ఫలం మాత్రం పైసా తేడా లేకుండా ఒకటే. మరి ఎందుకీ పంపకం? ఫలం ఒకటే అయితే ఏదో ఒకటే చేయవచ్చు కదా? చేయవచ్చు, కానీ అలా చేసిన మరుక్షణం ఎదుటివాడికి ఎక్కడో ఒక పని తేలికవుతుంది. ఆ నిష్పత్తి మన లాభం కోసం పెట్టింది కాదు, అవతలివాడి నిర్ణయాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడానికి పెట్టింది. కొందరు ఆటగాళ్లు బల్ల దగ్గర చేతిగడియారంలో సెకన్ల ముల్లు చూసి ఆ క్షణాన కాయాలా వద్దా తేల్చుకుంటారు. మన మనసుకు యాదృచ్ఛికంగా ఉండడం చేతకాదని ఒప్పుకుని, గడియారం సాయం అడగడం నాకు వినయంగా తోస్తుంది.

సాల్వర్ ముందు కూర్చుంటే చిన్న చిన్న ముక్కలు కూడా మాట్లాడతాయి. ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు పడ్డాయి, మన చేతిలోనూ రెండున్నాయి, అయిదూ ఒకే గుర్తువై ఫ్లష్ కావడానికి కావలసిన అయిదోది చివరిదాకా రాలేదు. చేతిలో ఏమీ లేదు కాబట్టి బ్లఫ్ చేద్దామని ప్రాణం కొట్టుకుంటుంది. సాల్వర్ చాలాసార్లు వద్దంటుంది. కారణం తవ్వి చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! మన దగ్గర ఇస్పేట్లు ఉన్నాయంటే ఎదుటివాడి దగ్గర అవి ఉండే అవకాశం తగ్గింది. అతను ఏ చేతులతో వదిలేస్తాడు? తనకూ ఇస్పేటు రాక పోగొట్టుకున్న చేతులతోనే. ఆ చేతులను మనమే పట్టుకుని కూర్చున్నాం. అదే బల్ల మీద మూడు ఇస్పేట్లు పరిచి ఉండి, మన చేతిలో ఇస్పేటు ఆసు ఒంటరిగా ఉంటే, అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ ఎదుటివాడికి ఉండే వీలే లేదని మనకు ఖాయంగా తెలుసు. గెలిచే ముక్క కాదది, అయినా ధైర్యంగా పెంచడానికి అంతకన్నా మంచి ముక్క ఉండదు. కనబడని ముక్కల గురించి చేతిలోని ముక్క చెప్పే సాక్ష్యం ఇది.

మహాభారతం అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కపెట్టి చెబుతాడు. ఆయన సారథిగా ఉన్న నలుడు రథం ఆపి లెక్కించి చూస్తే సరిపోతాయి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు తన అశ్వహృదయం ఇచ్చి ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. ఈ కథను జూదంలో సర్వం ఓడి అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పి, ఆ విద్యను అతనికీ ఇస్తాడు. పాచికల విద్యకూ చెట్టుమీది కాయల లెక్కకూ బంధుత్వం ఉందని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు. సాల్వర్ దగ్గర నేర్చుకునేవాళ్లను చూస్తే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

డబ్బొడ్డి ఆడడాన్ని నేను పొగడడం లేదు. ఆ ఆటలకు ఎన్ని ఇళ్లు కూలాయో మనకు తెలుసు. ఆన్‌లైన్‌లో పందెం ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. సాల్వర్ చదువుకు రూపాయి పందెం అక్కరలేదు. పోకర్ సైట్లు కూడా ఆట నడుస్తుండగా దాన్ని తెరవనివ్వవు. అది తీరిక వేళ చదువు, చదరంగం పుస్తకం ముందేసుకున్నట్టు.

పందాల మీద హద్దు లేని ఇద్దరి నో లిమిట్ ఆటలో నిర్ణయాల మలుపులు ఒకటి పక్కన 161 సున్నాలు పెట్టినంత. దాన్ని పూర్తిగా తేల్చడం ఎవరివల్లా కాలేదు. అయినా 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ కసీనోలో నోమ్ బ్రౌన్, తువోమాస్ శాండ్‌హోమ్ తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ 20 రోజుల్లో 1,20,000 చేతులు ఆడి నలుగురు ఆరితేరిన ఆటగాళ్లను ఓడించింది. మధ్యలో ఉన్న సొమ్ముకు ఎన్నో రెట్లు ఒక్కసారిగా కాసేది. అప్పటిదాకా అలాంటి పందేన్ని మొరటుతనం అనుకున్నవాళ్లు ఆ తరవాత సాల్వర్లు తెరిచి, అందులోని న్యాయాన్ని వరసగా చదువుకున్నారు.

ముగ్గురు, నలుగురు కూర్చుంటే వాన్ న్యూమన్ ఇచ్చిన భరోసా పనిచేయదు. ఎవరి దారిలో వాళ్లు సమతూకంగా ఆడినా, మిగతావాళ్ల ఎంపికల వల్ల ఒకడు నష్టపోవచ్చు. అయినా 2019లో బ్రౌన్, శాండ్‌హోమ్ ప్లూరిబస్‌ను ఆరుగురి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 64 కోర్ల ఒకే ఒక సర్వర్ మీద ఎనిమిది రోజులు తనతో తాను ఆడుకుని నేర్చుకున్న ప్రోగ్రామ్ అది. విచారాల పద్దు అక్కడ గమ్యం చేరుస్తుందని సిద్ధాంతం మాట ఇవ్వలేదు. ప్లూరిబస్ మాత్రం అయిదుగురు మేటి ఆటగాళ్ల మధ్య కూర్చుని గెలిచింది. అలా ఎందుకు పనిచేస్తున్నదో చెప్పే రుజువు ఎవరైనా రాస్తే, మొదటి రోజే చదవాలని నా కోరిక.