తొక్కిన చేను

పోయిన కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో మా అమ్మాయి ఫోన్‌లో తీసిన వీడియో, ఇంటికొచ్చి చూస్తే మధ్యలో చెదిరిపోయింది. గంగలకుర్రువాళ్లు స్వామిని నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ప్రభ కౌశిక నది దాటే చోట బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, ప్రభ రంగులు నీళ్ల మీద మరకల్లా నిలిచిపోయాయి. తీసేస్తానంటే వద్దన్నాను.

వీడియో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు; చాలావరకు ముందు బొమ్మతో వచ్చిన తేడానే రాసుకుంటుంది. ఆ లెక్క కాస్త పోతే పాత రంగు కొత్త బొమ్మ మీద ఉండిపోతుంది. సాఫీగా నడిచినంతసేపూ ఈ సంగతి మనకు తెలియదు.

అలా నిలిచిపోయిన రంగులు చూస్తే నాకు మా నాన్న చేను గుర్తొచ్చింది. ప్రభ వెళ్లే దారిలోనే మా దాళ్వా ఊడ్పు. మోసేవాళ్ల కాళ్ల కింద పచ్చటి నాటు బురదలో కలిసిపోయేది. గట్టు తెగితే ఊరంతా వినపడేలా అరిచే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి నిలబడేవాడు. "స్వామి నడిచాడే తల్లీ" అనేవాడు. తొక్కిన చోట మళ్లీ నాటేవాడు. ఆ కుదుళ్లు చాలారోజులు లేతగా, వేరుగా కనిపించేవి.

పదకొండు ఊళ్ల రుద్రులు కలిసే జగ్గన్నతోటలో గుడి లేదు, కొబ్బరిచెట్లే. ఊళ్లో గుళ్లో స్వామికి రోజూ ఒకటే వేళ, ఒకటే వరస. ఆ వరస తప్పి, భుజాల మీద ఊగుతూ, చేలకు అడ్డంపడి వచ్చినప్పుడే నా దగ్గరికి వచ్చినట్టుంటుంది నాకు. వరస తప్పితే లోపం అంటాం; వ్యాకరణంలో పాణిని లోపాన్ని 'లేకపోవడం' అనలేదు, 'కనబడకపోవడం' అన్నాడు. మా చేలో ఆ లేత కుదుళ్ల వరస ఏ కాళ్లు నడిచిన మేరకు ఉందో, నాన్న వేలుపెట్టి చూపించేవాడు.