నోరున్న మనిషి, నోరులేని పగడం

జోర్డాన్ దేశపు దక్షిణ కొసన ఎడారి, సముద్రం పక్కపక్కనే ఉంటాయి. పెట్రా దగ్గర సిక్ అనే సన్నని రాతిసందులో కిలోమీటరుకు పైగా నడిస్తే, ఎర్రటి కొండను తొలిచి చేసిన గొప్ప ముఖద్వారం ఎదురవుతుంది. అక్కడివాళ్లు దాన్ని ఖజ్నే అంటారు. మన ఖజానాయే ఆ మాట. ఇంకా దక్షిణానికి పోతే వాడీ రమ్ ఎడారి, దాని ఇసుకరాతి లోయలు వస్తాయి. అక్కడికి గంట ప్రయాణంలో ఎర్రసముద్రపు ఒడ్డున అకబా పట్నం ఉంది. కళ్లకు అద్దాలు, నోట్లో గాలిగొట్టం పెట్టుకొని నీటి మీద బోర్లా తేలుతూ అక్కడి పగడాల దిబ్బలను చూడవచ్చు. ఒకరోజు లోయల్లో నడక, మర్నాడు పగడాల మీద ఈత. కెమెరా ఉన్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అందుకే లోకం నలుమూలల నుంచీ వస్తారు.

ఇలాంటి చోట్ల యాత్రికులకు ఒక బుద్ధి చెబుతుంటారు: ఫొటోలు తప్ప ఇంకేమీ తీసుకెళ్లకండి అని. మంచి మాటే. కానీ ఫొటో తీసుకెళ్లడమంటే ఏమీ తీసుకెళ్లకపోవడమేనా? ఈ ప్రశ్న ఆదివాసులమైన మనకు ఊరికే వచ్చింది కాదు. ఎన్నో ఏళ్లుగా మనం కెమెరాకు ఎదురుగా నిలబడ్డాం. ఇప్పుడు మన చేతిలోకీ కెమెరా వచ్చింది.

ముందు రాయి సంగతి చూద్దాం. వాడీ రమ్ బండల మీద సుమారు 25,000 చెక్కుడు బొమ్మలు, 20,000 రాతలు ఉన్నాయి. 2011లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని చెక్కినవాళ్లు తమ బొమ్మల్ని అక్కడే వదిలి వెళ్లారు. ఎవరు వచ్చినా చూస్తారు. వేయిమంది ఫొటో తీసినా, చేయి వేయకుండా ఉంటే ఆ రాయికి తరుగు లేదు.

పగడం అలా కాదు. చూడటానికి రాయిలా ఉన్నా అది ప్రాణి. చిన్న చిన్న జీవులు గుంపుగా కలిసి ఆ గూడు కట్టుకుంటాయి. కొన్ని రకాలు ఏడాదికి సెంటీమీటరు కూడా సరిగా పెరగవు. ఫొటో బాగా రావాలని ఎవరైనా దాని మీద కాలు మోపితే ఏళ్ల పెరుగుదల ఒక్క క్షణంలో విరిగిపోతుంది. కాలి తొడుగులు ఆడించి ఇసుక రేపినా అది పగడం మీద పడి ఊపిరి సలపనివ్వదు. పగడం వద్దని చెప్పలేదు. దాని తరఫున వద్దనుకొని దూరంగా ఉండవలసింది ఈదే మనిషే.

నీళ్లలో ఇంకొక సంగతి ఉంది. కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు రంగు కెమెరాకు అందకుండా పోతుంది. ఎర్రగా ఉన్నది నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. ఫొటో అబద్ధం కాదు, కానీ ఒక రంగు అందులోకి రాలేదు.

మనుషుల ఫొటోల్లోనూ ఇలా రానిది ఒకటి ఉంటుంది. పెట్రా గుహల్లో బెదూల్ తెగ కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉండేవి. 1985లో పెట్రా ప్రపంచ వారసత్వ స్థలం అయింది. ఆ కాలంలోనే ప్రభుత్వం ఆ కుటుంబాలను దగ్గర్లో కట్టించిన ఉమ్ సయ్‌హూన్ అనే ఊరికి తరలించింది. ఇప్పుడు ఆ తెగవాళ్లు పెట్రాలో టీ అమ్ముతారు, గాడిదల మీద యాత్రికులను తిప్పుతారు. ఫొటోలో తలగుడ్డ చుట్టుకొని గుహ ముందు నిలబడిన మనిషి కనిపిస్తాడు. ఆ గుహ అతని ఇల్లు కాకుండా ఎలా పోయిందో కనిపించదు. భూమి పోయి గూడెం ఖాళీ చేసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అలాగని కెమెరాలు మూసేయమనడం న్యాయం కాదు. వాడీ రమ్‌లో జీపులు నడిపేది, దారి చూపేది, గుడారాల్లో అన్నం పెట్టేది అక్కడి బెదూయిన్లే. యాత్రికుడు రాకపోతే వాళ్ల పొయ్యి వెలగదు. అరకులో థింసా ఆడే మన అక్కచెల్లెళ్ల సంగతీ అంతే. కానీ ఆటకు ఇచ్చిన కూలి ఆటకే. ఆ ముఖాన్ని ఎక్కడైనా, ఎప్పటికైనా, ఏ మాట కింద పెట్టి అయినా చూపుకొనే హక్కు ఆ డబ్బులో లేదు.

బయటివాళ్లు తీసిన ఫొటోలన్నీ దోపిడీయే అనీ చెప్పలేం. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండు గూడేల్లో తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోవాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే అంత దూరం చూడాలి. అది బాధే. అయినా ఆ మనిషి మార్లవాయిలో గూడెం మధ్య ఉన్నాడు. గోండుల భూమి కోసం, పిల్లల చదువు కోసం నిజాం ప్రభుత్వంలో పనిచేశాడు. అందుకే ఆయన్నీ, భార్య బెట్టీనీ మార్లవాయి ఇప్పటికీ తలచుకుంటుంది. ఫొటో తీసుకున్నవాడు ఆ ఊరికి బాకీ పడతాడు. ఆ బాకీ ఎంతో కొంత తీర్చినవాడినే ఊరు తనవాడు అనుకుంటుంది.

అడిగితే సహజంగా రాదని ఫొటోలు తీసేవాళ్లు అంటారు. నిజమే, అడిగాక మనిషి కొంగు సర్దుకుంటాడు, నిటారుగా నిలబడతాడు. అదీ ఆ మనిషి సహజమే. నలుగురి ముందు తను ఎలా కనబడాలో ఎంచుకోవడం బతుకులో భాగం కాదా?

ఇక మన సంగతి. నాగోబా జాతరలో, కొత్తల పండుగలో, ఇంటి పూజలో మన పిల్లలే ఫోన్లు ఎత్తుతున్నారు. మనవాళ్లే కదా అని అడగడం మానేస్తున్నారు. అవ్వ మనవడి ఫోన్ చూసి నవ్విందంటే మనవడికి నవ్వింది, లోకానికి కాదు. దేవుణ్ని దించే వేళ బయటికి చూపకూడదని పెద్దలు అనుకున్నది, మన కులంవాడు తీసినా చూపకూడనిదే.

మాస్టార్లు బడిలో ఇది పిల్లల చేత ఆలోచింపజేయవచ్చు. ఫొటో తీసేముందు అడగాలి, ఎవరికి చూపిస్తారో చెప్పాలి, ఒప్పుకుంటే పేరు రాయాలి, ఒక కాపీ ఆ ఇంటికి ఇవ్వాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. ఇవి పెద్ద పనులేమీ కావు.

పగడానికి నోరు లేదు గనుక దూరంగా ఉండాలి. మనిషికి నోరుంది గనుక దగ్గరికి వెళ్లి అడగాలి. నోరున్నవాళ్లను నోరులేనివాళ్లలా చూడటం ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. ఆ తెలిసిన పని మన చేత జరగకూడదు.