ఆ ఫోటోలో ఆమె దూకడం లేదు

పదిహేనేళ్ళకు పైగా నా బల్ల సొరుగులో ఒక ఫోటో ఉంది. 2009లో మా ఇంటర్ కాలేజి మీట్‌లో నేనే తీసాను. పోల్ భుజానికి ఆన్చుకుని, రెండు చేతులూ వెనక్కెత్తి జుట్టుకి రబ్బరు బ్యాండు వేసుకుంటున్న అమ్మాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా మెడ మీద పడుతోంది. కాలేజి మ్యాగజైన్‌కి ముఖచిత్రంగా వేసాం. అందరూ మెచ్చుకున్నారు. స్త్రీల దేహం మీద మార్కెట్ పెత్తనం గురించి క్లాసుల్లో గంటలకొద్దీ చెప్పే నేను ఆ మెప్పుకి మురిసిపోయాను కూడా.

మ్యాగజైన్ వచ్చిన వారానికి ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చింది. కోపంగా ఏమీ లేదు. "మేడమ్, ఆ రోజు నేను రెండు మీటర్ల ఎనభై దాటాను కదా, అది తియ్యలేదా?" అని అడిగింది.

తియ్యకపోవడమేం, అయిదారు తీసాను. అన్నీ చెడిపోయాయి. ఒకదాన్లో కాళ్ళే పడ్డాయి, ఒకదాన్లో ఖాళీ ఆకాశం. ఆమాటే చెప్పాను. సరేనని తలూపి వెళ్ళిపోయింది. ఆ తలూపడం నన్ను చాలాకాలం వదల్లేదు.

ఎందుకంటే అప్పటికి రెండేళ్ళ కిందట అమెరికాలో జరిగింది నాకు తెలియనిది కాదు. 2007లో కాలిఫోర్నియాలో హైస్కూల్లో చదువుతున్న ఒక పోల్‌వాల్టర్ ఫోటో ఇంటర్నెట్‌లో దావానలంలా పాకింది. న్యూయార్క్‌లో జరిగిన ఒక మీట్‌లో క్రీడావార్తలు రాసే ఒకాయన తీసిన మామూలు ఫోటో అది. కర్ర భుజాన ఉంది, చెయ్యి జడ దగ్గరుంది. ఎవరో దాన్ని తెచ్చి వెకిలి వ్యాఖ్యతో పెట్టారు. తీసినాయన అభ్యంతరం చెప్పి తీయించేసరికే అది ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. ఆమె పేరుతో దొంగ ఖాతాలు కూడా పుట్టాయి. ఇన్నేళ్ళు కష్టపడి నేర్చిన ఆటకి విలువ లేకుండా పోయిందని ఆ పిల్ల బాధపడింది. ఆమె పేరు ఇక్కడ రాయను. వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుందని తెలుసు. అయినా రాయను.

నాది, ఆయనది, రెండూ ఒకే క్షణాన్ని పట్టుకున్నాయి. ఇది కాకతాళీయం అనుకోను. పోల్‌వాల్ట్‌లో పరుగు మొదలుపెట్టి పరుపు మీద పడేదాకా అంతా కలిపి కొద్ది సెకన్లు. ముప్ఫై, నలభై మీటర్ల పరుగు, కర్ర కొసని బాక్సులో పొడవడం, అది విల్లులా వంగడం, ఆ వంపు తిరిగి నిలువవుతుంటే దాంతో పాటు తలకిందులై, బార్ మీద మెలి తిరిగి, కర్రని వెనక్కి నెట్టెయ్యడం. దాన్ని తియ్యాలంటే ఆట తెలియాలి. ముందుగానే బార్ మీద ఫోకస్ పెట్టుకుని, ఆమె పైకి రాకముందే ఆమె ఎక్కడికొస్తుందో ఊహించాలి. మిగతా పూటంతా ఎదురుచూపే. గాలి చూసుకోవడం, చేతులకి పౌడర్ రాసుకోవడం, జుట్టు కట్టుకోవడం. అక్కడ ఆమె కదలదు, వెలుతురు బాగుంటుంది, ఆట తెలియక్కర్లేదు. చేతకానివాళ్ళు అక్కడే తీస్తారు. నేనూ అంతే.

ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద రాసిన వ్యాసాన్ని మనలో చాలామంది పాఠంగా చెప్పే ఉంటాం. పని చేస్తూనే, పని చేస్తున్న తనని ఎవరో చూస్తున్నారన్న స్పృహ స్త్రీ దేహాన్ని సగంలో ఆపేస్తుందంటుందామె. పోల్‌వాల్ట్‌లో ఆ స్పృహ రావడానికి వీల్లేదు. కర్ర వంగిన క్షణంలో ఎలా కనిపిస్తున్నానోనని అనుమానం వస్తే కిందపడి ఎముక విరుగుతుంది. ఆ స్పృహని వదిలించుకోవడానికి ఏళ్ళు పట్టిన మనిషికి, అదే స్పృహని ముఖచిత్రంగా అచ్చేసి చేతికిచ్చాను.

నా చూపులో దురుద్దేశం లేదు కదా అని చాలాసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చట్టం దగ్గరికి వెళితే అది నన్నే కాదు, చాలామందిని వదిలేస్తుంది. 2013లో మన దగ్గర శిక్షాస్మృతిలోకి వచ్చిన 354సి, ఇప్పుడు న్యాయ సంహితలో 77వ సెక్షన్, స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పటి చిత్రాల గురించి మాట్లాడుతుంది. స్టేడియం ఏకాంతం కాదు. జపాన్‌లో క్రీడాకారిణులను లైంగిక దృష్టితో దొంగచాటుగా తీసే ఫోటోల మీద 2020లో క్రీడాసంఘాలు గొంతెత్తాయి. 2023లో చట్టమైతే వచ్చింది గానీ, యూనిఫాంలో ఆడుతున్నవాళ్ళ ఫోటోలు దాని పరిధిలోకి రాలేదు.

మరి తప్పు ఎక్కడుంది? బట్టల్లో ఉందనేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. 2005లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా స్కర్టు మీద జరిగిన రగడ గుర్తుందిగా. కప్పుకోమన్నవాళ్ళూ, కళ్ళప్పగించి చూసినవాళ్ళూ ఆమె ఫోర్‌హ్యాండ్ చూళ్ళేదు. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకి, బికినీ బదులు నిక్కర్లు వేసుకున్నందుకు జరిమానా పడింది. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే!

పోనీ ఫోటోలే వద్దందామా? ఒలింపిక్స్‌లో మగవాళ్ళు 1896 నుంచీ కర్ర పట్టుకుని దూకుతున్నారు. ఆడవాళ్ళని 2000లో సిడ్నీలో రానిచ్చారు, 104 ఏళ్ళ తర్వాత. స్టేసీ డ్రాగిలా 4.60 మీటర్లు దాటి స్వర్ణం గెలిచింది. మన దేశంలో సురేఖ 2014లో 4.15 దాటింది, ఆ రికార్డుని 2022లో గాంధీనగర్‌లో రోజీ మీనా 4.20తో తిరగరాసింది. వాళ్ళు గాల్లో ఉన్న ఫోటో మనలో ఎంతమంది చూసాం? కనిపించకపోవడం కూడా మనకి కొత్త గౌరవమేం కాదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రసారాల అధిపతి యానిస్ ఎగ్జార్కోస్, స్త్రీలనీ పురుషులనీ ఒకేలా చిత్రించమని కెమెరావాళ్ళకి చెప్పామన్నాడు. మంచిదే. కానీ కత్తిరించేవాడు స్టేడియంలో ఉండడు కదా, ఇంట్లో ఉంటాడు. ఏ ఫోటోలోంచైనా వాడికి కావాల్సిన ముక్క వాడు కోసుకోగలడు. 2007లో జరిగిందదే. అందుకే ఫోటో తీసినాయనది తప్పు కాదని చాలాకాలం వాదించేదాన్ని, అందులో నా వకాల్తా కూడా ఉంది. ఆ అమ్మాయి ప్రశ్న ముందు ఆ వాదన నిలవదు. నా ఒళ్ళెందుకు చూపించారని ఆమె అడగలేదు. నా దూకుడు ఎక్కడుందని అడిగింది.

మరుసటేడు మీట్‌కి నేనే ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాను. బార్ పక్కన స్టాండు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. "నా మొహం చూడకండి మేడమ్. కర్ర వంగుతుంది చూడండి, అప్పుడు మొదలుపెట్టి నొక్కుతూనే ఉండండి." ఇరవై ఫోటోల్లో ఒకటొచ్చింది. తలకిందులుగా ఉంది. చొక్కా జారి పొట్టంతా కనిపిస్తోంది. పళ్ళు బిగించింది, మొహం వికారంగా ఉంది. పాదాలు మాత్రం బార్‌కి జానెడు పైన ఉన్నాయి.

"ఇది వెయ్యమంటావా? పొట్ట..." అని నసిగాను.

"బార్ కూడా కనిపిస్తోంది కదా మేడమ్" అని నవ్వింది.

మ్యాగజైన్ కమిటీ 'బాగోదు' అంది. నిరుడు వేసిన ఫోటో బాగుందన్నవాళ్ళే. నేను గట్టిగా పట్టుబట్టలేదు, అది కూడా ఇక్కడ చెప్పాలి. ఆమె రెండు ప్రింట్లు తీసుకెళ్ళింది. ఒకటి స్పోర్ట్స్ కోటా దరఖాస్తుకి, ఒకటి ఎప్పుడూ గ్రౌండుకి రాని వాళ్ళమ్మకి.

ఈమధ్య ఒక స్నేహితురాలు తన కథల పుస్తకం ముఖచిత్రానికి ఆ మొదటి ఫోటో అడిగింది. ఆ అమ్మాయిని అడిగి చెప్తానన్నాను. ఆమె నంబరు నా దగ్గర లేదు. పాత విద్యార్థుల ద్వారా కనుక్కుంటున్నాను.