మంచితనానికి రుజువు: ‘కన్యాశుల్కం’లో సౌజన్యారావు రెండు అంచనాలు

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో వెలువడిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకమే. అందులో బాగా పెరిగిన పాత్ర మధురవాణి. చివరి అంకంలో ఆమెకూ వకీలు సౌజన్యారావు పంతులుకూ నడిచే సంభాషణను సంస్కర్త హృదయ పరివర్తనగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం తప్పనలేము. అయితే అది ఒక విషయాన్ని పక్కన పెడుతుంది. సౌజన్యారావు అంతకుముందే ఇద్దరిని అంచనా వేసి ఉన్నాడు, ఇద్దరి విషయంలోనూ పొరబడ్డాడు. ఆ రెంటిలో ఒకదానినే పాఠకులు దురభిప్రాయంగా గుర్తిస్తారు.

మొదటిది వేశ్యల గురించిన అభిప్రాయం. భోగం మేళాలను బహిష్కరించడం పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల్లో సంస్కరణవాదికి ఒక చిహ్నమైంది. 1893లో మద్రాసులోని సంస్కర్తలు ఈ విషయమై వైస్రాయికీ గవర్నరుకూ మహజర్లు పంపారు. ఆ వాతావరణంలో రూపొందిన సౌజన్యారావు వేశ్యను తాకనని నియమం పెట్టుకున్నాడు. నియమం మనిషిని ప్రలోభం నుంచి కాపాడుతుంది, నిజమే. దానితోపాటు ఎదుటి మనిషిని పరిశీలించే శ్రమ నుంచి కూడా కాపాడుతుంది. ఏ వేశ్య ఎటువంటిదో తెలుసుకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ కలగలేదు.

రెండోది గిరీశం గురించిన అభిప్రాయం. వితంతు వివాహాన్ని సమర్థిస్తూ, ఆంటీ-నాచ్ సూత్రాలు వల్లిస్తూ గిరీశం పంతులుగారి మెప్పు సంపాదించాడు. అతడు మధురవాణిని ఉంచుకున్న సంగతి పంతులుగారికి తెలియదు, విచారించాలనీ తోచలేదు. వేశ్య అన్న పేరు విని ఒకరిని త్రోసిపుచ్చడం, సంస్కర్త అన్న పేరు విని మరొకరిని చేరదీయడం - రెండూ ఒకే అలవాటు. నింద రూపంలో వచ్చిన పక్షపాతం ఎప్పుడో ఒకప్పుడు కంటికి కనబడుతుంది. మెప్పు రూపంలో వచ్చినది ఉదారత అనిపించుకుంటుంది. సౌజన్యారావు సాధువు కనుక మోసపోయాడనే సమాధానం అందుకే చాలదు. సాధుత్వమే కారణమైతే అది మధురవాణి విషయంలోనూ పనిచేసి ఉండాలి.

మధురవాణి ఈ అలవాటును ఎరిగినట్టే ప్రవర్తించింది. పురుషవేషంతో పంతులుగారి ఇంటికి వచ్చింది. వేశ్యగా వస్తే గడప దాటే వీలుండదు, దాటినా మాట చెవికెక్కదు. వేశ్యాకులం చెడ్డదే అనుకున్నా, మంచి ఎక్కడ కనబడినా స్వీకరించవలసినదే కదా అన్న తర్కాన్ని ఆమె ఆ మారువేషంలోనే నడిపింది. పంతులుగారు వాదనకు వాదనగా విన్నారు. పేరు తెలిశాక మాటను కొట్టిపారేయడం అప్పటికి కష్టమైపోయింది, ఎందుకంటే ఆ మాటకు గౌరవం ముందే దక్కింది. మనుషుల అభిప్రాయాలు మారే తీరులో ఈ క్రమానికి ప్రాముఖ్యం ఉంది. వాదన బలం ఎంతటిదైనా, అది ఎవరి నోట వస్తున్నదో ముందే తెలిస్తే చాలామంది వినకుండానే తూకం వేసేస్తారు.

ఇక్కడ రుజువు భారం ఎవరిమీద ఎంత పడిందో చూడాలి. గిరీశానికి మాటలు సరిపోయాయి. మధురవాణి మాత్రం లుబ్ధావధాన్లును హత్యానేరం నుంచి తప్పించే రహస్యం చెప్పాలి. దానికి ప్రతిఫలంగా ముద్దు కోరి, పంతులుగారు తన నియమాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాక, తానే వద్దని అతని నియమాన్ని నిలబెట్టాలి. అంత చేస్తే గాని ఆమె మంచితనం ఒప్పుదల కాలేదు. ఒక కులాన్ని ముందుగానే దోషిగా నిలబెట్టిన సమాజం, అందులోని వ్యక్తి నుంచి మామూలు మంచితనంతో తృప్తి పడదు. అసాధారణ త్యాగం అడుగుతుంది. రచయిత ఆ త్యాగాన్ని రమ్యంగా చిత్రించడం వల్ల ఈ అన్యాయం ప్రేక్షకుని దృష్టికి ఆనకపోవచ్చు.

తన రెండో పొరపాటు సౌజన్యారావుకు తెలిసింది కూడా ఆమె వల్లనే. గిరీశం గుట్టు మధురవాణి నోట బయటపడింది, బుచ్చమ్మ పూనాలోని వితంతువుల ఆశ్రమానికి వెళ్లే ఏర్పాటు జరిగింది. గిరీశాన్ని చీవాట్లు పెట్టడం పంతులుగారికి తేలికైంది: అతడు నకిలీ సంస్కర్త అని తేలింది గనుక, సంస్కర్తలు సజ్జనులన్న నమ్మకానికి దెబ్బ తగలలేదు. మధురవాణి విషయంలోనూ అదే జరిగి ఉండవచ్చు. ఆమెను మినహాయింపుగా ఎంచితే నియమం భద్రంగా ఉంటుంది. ఆ నియమాన్ని విడిచిపెడుతున్నట్టు సౌజన్యారావు ప్రకటించడు. మధురవాణి వంటి మరొక స్త్రీ, మారువేషం లేకుండా, మర్నాడు అదే గడపకు వస్తే ఏమయ్యేదో నాటకం చెప్పదు.